కెమెరా విన్న గాంధారం

నాది ఇల్లందు. బొగ్గుబాయిలో కార్మికుల హాజరు వేసే టైమాఫీసులో పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. ఆ ఉద్యోగంతోపాటు నేను ఇంకో పని కూడా చేస్తూ వచ్చాను. పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తాను. నాటకాలవాళ్లం దాన్ని పెట్టె అంటాం. కాళ్లతో తిత్తులు తొక్కుతూ రెండు చేతులా వాయించే పెద్ద పెట్టె నాది, మా నాన్న నుంచి వచ్చింది. ఆయన బాయిలో దిగే మనిషి. సెలవురోజు భజనలకు వాయించేవాడు. పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది నేను అన్నా అని పిలిచే ఒక రైతు గురించి. ఏన్కూరు పక్కన పల్లె ఆయనది. వాళ్ల నాన్న కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొని స్థిరపడ్డాడు. మిరప, పత్తి వేస్తారు. పగలంతా చేలో ఉండే ఆ మనిషి మా నాటక సమాజంలో రాజు వేషం వేసేవాడు. కిరీటం లేనప్పుడు చూస్తే, బస్సులో పక్క సీట్లో కూర్చున్నా ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. కిరీటం పెట్టుకుని గొంతెత్తితే మాత్రం కబుర్లు చెప్పుకునేవాళ్లు కూడా ఆగిపోతారు.

మేం కలిసింది అనుకోకుండా. వాళ్లకు వాయించే మనిషి జ్వరంతో దవాఖానాలో పడ్డాడు. ఎవరో నా గురించి చెబితే జీపు పంపించి పెట్టెతో సహా ఎక్కించుకుపోయారు. రిహార్సల్ లేదు. తెర వెనక ముఖానికి రంగు వేయించుకుంటున్న ఆయన్ని "ఏ శ్రుతి పెట్టమంటవన్నా?" అని అడిగాను. "నువ్వు పెట్టు తమ్ముడూ, నేను అందుకుంటా," అన్నాడు. కాస్త ఎక్కువే పెట్టాను. అందుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎక్కడ వేషం కట్టినా పెట్టె నాదే.

పెట్టె వాయించేవాడి పని గురించి కొంచెం చెప్పాలి. నటుడు పద్యం ఎత్తుకుంటే వెంట నడవడం, ఊపిరి తీసుకునే జాగాలో ఖాళీ తెలియకుండా నింపడం, రాగం తీస్తుంటే వెనక ఆసరాగా నిలబడడం మా పని. ఇంకొకటి కూడా ఉంది. ఎంత బాగా పాడేవాడికైనా ఎక్కడో ఒకచోట గొంతు కొద్దిగా తప్పుతుంది. ఆ చోటు ఏదో మాకు తెలుస్తుంది. అది రాగానే పెట్టె స్వరం కాస్త ముందుకు తెచ్చి వినేవాళ్ల చెవిని మావైపు తిప్పుకుంటాం. నాటకాల్లో అందరూ చేసేదే. ఎవరూ దీని గురించి మాట్లాడుకోరు.

అన్నకు ఆ చోటు పై గాంధారం దగ్గర ఉండేది. రాజసభ సీనులో మోహన రాగంలో ఒక పద్యం ఉంది. చివరి పాదంలో పైకి పోయి గాంధారం మీద నిలబడాలి. ఆయన నిలబడేవాడు, కానీ అసలు స్వరానికి వెంట్రుకవాసి కింద. సంగీతం తెలియనివాళ్లకు చెప్పాలంటే, ఆఖరి మెట్టు పూర్తిగా ఎక్కకుండా దాని అంచు మీద మునివేళ్లతో నిలబడ్డట్టు. మొదటిరోజే నా చెవికి తగిలింది. మొదటిరోజే నా వేళ్లు ఆ గాంధారాన్ని గట్టిగా పట్టుకుని, దాని చుట్టూ ఒక చిన్న అల్లిక అల్లాయి. జనం చప్పట్లు కొట్టారు. వన్స్‌మోర్ అన్నారు. మళ్లీ పాడాడు, మళ్లీ అల్లాను. ఏళ్లు గడిచేసరికి ఆ అల్లిక కూడా పద్యంలో భాగమైపోయింది.

వన్స్‌మోర్ అనేది మా నాటకాలకు ప్రాణం. పద్యం బాగుంటే జనం మళ్లీ పాడమంటారు. కథ ఆగిపోతుంది, మంత్రి నోటిదాకా వచ్చిన మాట మింగుకుని నిలబడతాడు, రాజు వెనక్కి తిరిగి అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు. రాగం ఎంతసేపు తీయాలో జనమే చెబుతారు. ముందు వరుసలో ఎవరైనా తల ఊపితే ఇంకో చుట్టు తిరగొచ్చు. బీడీ వెలిగించడానికి లేచారంటే దిగిపోవాలి. అన్నకు ఈ లెక్క బాగా తెలుసు. పాడుతూనే కళ్లతో జనాన్ని తడిమేవాడు.

తర్వాత తర్వాత తడమడానికి జనం తగ్గారు. వేసిన కుర్చీల్లో సగం కూడా నిండేవి కావు. వచ్చినవాళ్లు మా ఈడువాళ్లు, మాకన్నా పెద్దవాళ్లు. ఈడువాళ్లు కూడా నడుమ నడుమ జేబులోంచి ఫోను తీసేవారు. చీకట్లో ఆ వెలుగు ముఖం మీద పడుతుంటే పైనుంచి మాకు తెలిసిపోయేది. మా సమాజంలో మంత్రి వేషం ఒక రిటైర్డ్ టీచరుది. "ఇంక మనం బంద్ చేసుడే మంచిదేమో," అని ఒకసారి అన్నాడు.

ఆ పరిస్థితుల్లో అన్న చిన్నకొడుక్కి పెళ్లయింది. కోడలు మధిర వైపు పిల్ల. పెళ్లికి ముందు ఖమ్మంలో ఒక వీడియో స్టూడియోలో ఎడిటింగ్ చేసేది, పెళ్లయ్యాక కూడా మానలేదు. ఇంట్లో ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లిళ్ల వీడియోలు కత్తిరించి అతికించి పంపేది. తక్కువ మాట్లాడేది, కానీ మాట్లాడితే పని గురించే. ఒకసారి మామగారి నాటకం చూడ్డానికి వచ్చింది. చివరిదాకా కూర్చుంది. తెల్లారి నేను పెట్టె సర్దుకుంటుంటే అడిగింది.

"బాబాయ్, మీ నాటకం లైవ్ పెడితే ఎట్లా ఉంటుంది?"

"ఎవరు చూస్తరమ్మా?"

"ఇక్కడినుంచి పోయినవాళ్లు ఉంటారుగా. హైదరాబాదులో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు. చిన్నప్పుడు చూసినవాళ్లు. రాలేరుగానీ ఫోన్లో అయితే చూస్తారు."

అన్న అభ్యంతరం చెప్పలేదు. కోడలు అడిగిందని ఒప్పుకున్నాడేగానీ ఆయనకు పెద్ద ఆశ లేదు. "చూడనీ తల్లీ, చూస్తే మనకు పోయేదేముంది," అన్నాడు.

మొదటి లైవ్ కుసుమంచిలో. శివరాత్రికి అక్కడి గుడికి జనం బాగానే వస్తారు, కానీ ఎక్కువమంది దర్శనం చేసుకుని వెళ్లిపోయేవాళ్లే. ఈసారి సాయంత్రమే మొదలుపెట్టాం. రాత్రంతా ఫోన్లో ఎవరూ చూడరని కోడలు చెప్పింది. స్టేజీ ముందు స్టాండు మీద ఒక ఫోను, పక్కన ఒక కెమెరా పెట్టింది. అన్న కోటు లోపల చిన్న కాలర్ మైకు అమర్చింది. ఇదివరకు స్టేజీ మీద వేలాడే మైకులే ఉండేవి. నటుడి గొంతూ, నా పెట్టే, తబలా అన్నీ వాటిలోనే కలిసిపోయేవి. ఈ మైకు ఆయన గొంతొక్కటే వింటుందని ఆమె చెప్పింది. ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

రాజసభ సీను వచ్చింది. అన్న మోహన ఎత్తుకున్నాడు, పైకి పోయాడు, నా వేళ్లు ఎప్పటిలాగే చేయాల్సింది చేశాయి. పద్యం అయిపోయింది. ఎదురుగా కొన్ని చప్పట్లు పడ్డాయి. అన్న ఒక క్షణం ఆగి చూశాడు. ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. తెర పక్కకు వెళ్లిపోయాడు. మంత్రి తన మాట మొదలుపెట్టాడు. అప్పుడు వచ్చింది కోడలు, ఫోను చేత్తో పట్టుకుని పరుగులాంటి నడకతో.

"మామయ్యా, వన్స్‌మోర్ అంటున్నారండి."

"ఎవరమ్మా?"

"ఇందులో. వరసగా పెడుతున్నారు చూడండి."

స్టేజీ మీద జరిగింది ఫోనుల్లోకి చేరడానికి కొంత సమయం పడుతుందట. వాళ్లు చూసి, మెచ్చుకుని, టైపు చేసి పంపేసరికి ఇక్కడ సీను ముందుకు వెళ్లిపోతుంది. అన్న కళ్లద్దాలు లేకుండా ఫోను తెరను దూరంగా పెట్టుకుని చూశాడు. అక్షరాలు కిందినుంచి పైకి పాకుతున్నాయి. ఆయన ముఖంలో ఏం కదిలిందో నాకు కనబడలేదు, రంగు మందంగా ఉంది. కిరీటం సర్దుకుని నేరుగా స్టేజీ మీదికి నడిచాడు. మంత్రి రాజ్యంలో కరువు గురించి చెబుతున్నాడు. నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు.

"మంత్రివర్యా, మరల వినిపింపుమని ప్రజలు కోరుచున్నారు," అని అన్న అక్కడికక్కడే ఒక మాట కల్పించి, పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఏ ప్రజలు కోరారో అర్థం కాలేదు. అయినా నవ్వి చప్పట్లు కొట్టారు. చాలా ఏళ్ల తర్వాత ఆ రోజు ఆయన హుషారుగా పాడాడు. నాటకం అయ్యాక మంత్రి మాత్రం సణిగాడు. "గా ఫోనోళ్లు ఎప్పుడడుగుతరో, నేనెప్పుడు ఆగాల్నో నాకు జర ముందుగల్ల చెప్పుండ్రి." ఆ తర్వాత కోడలు తెర పక్కన నిలబడి చెయ్యెత్తితే మంత్రి ఆగేట్టు ఏర్పాటు చేసుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం అన్న వాళ్లింటికి నన్ను భోజనానికి రమ్మన్నారు. తిన్నాక కోడలు ఆ వీడియోను హాల్లో టీవీకి కలిపింది. అన్న, వదిన, నేను కూర్చున్నాం. ఇన్నేళ్లు వేషం కట్టిన మనిషి తన నాటకం తాను చూడడం అదే మొదలు. ఇదివరకు ఎవరో ఫోన్లో తీసిన ముక్కలు చూశాడేగానీ, వాటిలో బొమ్మ సరిగ్గా కనబడేది కాదు, శబ్దం గరగరలాడేది.

మొదట బాగా నవ్వుకున్నారు. "ఇంత పొట్టేంది నాకు," అన్నాడు. "ఇంట్లో చూడట్లేదా," అంది వదిన. నడక చూసుకున్నాడు, కత్తి తిప్పడం చూసుకున్నాడు. తర్వాత రాజసభ వచ్చింది.

కాలర్ మైకులో ఆయన గొంతు మాత్రమే పెద్దగా, స్పష్టంగా వినబడుతోంది. నా పెట్టె ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టుంది. చివరి పాదంలో గొంతు పైకి లేచింది, గాంధారం దగ్గరికి వచ్చింది, కింద ఆగిపోయింది. నా అల్లిక దాన్ని కప్పలేకపోయింది.

"అమ్మా, వెనక్కి పెట్టు," అన్నాడు అన్న.

కోడలు పెట్టింది. మళ్లీ విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. వదిన లేచి లోపలికి వెళ్లింది. వీడియో కింద జనం రాసిన మాటలు కూడా చదవమన్నాడు. కోడలు మెచ్చుకున్నవి చదివింది. ఒకచోట ఆగింది.

"చదువమ్మా."

"పై గాంధారం కొంచెం తగ్గింది గురువుగారూ, క్షమించాలి అని ఒకాయన రాశారు మామయ్యా."

అన్న నావైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"నీకు వినపడలేదా తమ్ముడూ?"

అబద్ధం చెప్పాలని అనిపించలేదు. "ఇనపడ్డదన్నా."

"ఎప్పటినుంచి?"

"మొదటిసంది."

"మరి చెప్పలేదే."

"నేను పెట్టెల కలుపుతున్న గదా. జనానికి తెలుస్తలేదు. ఇంక చెప్పుడెందుకనుకున్న."

ఆయన టీవీ వైపు తిరిగాడు. అందులో ఆయన చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, కోడలు అక్కడ ఆపేసింది. తర్వాత లేచి కండువా భుజాన వేసుకుని చేలోకి వెళ్లిపోయాడు. నేను బండి తీసుకుని ఇల్లందు వచ్చేశాను.

నాకు బాధ కలిగింది. కోపం కూడా వచ్చిందని చెప్పాలి. నేను చేసింది ఆయనకు మేలే. ప్రతి నటుడికీ పెట్టెవాడు చేసేదే. ఆయన స్థానంలో నేనుంటే నాకు చెప్పకపోవడమే బాగుండేదనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆయన స్థానంలో నేనెప్పుడూ లేనని తోచింది. నా తప్పులు నాకు ఎప్పటికప్పుడు వినబడతాయి, నా చెవి పెట్టెకు ఆని ఉంటుంది. ఆయనకు స్టేజీ మీద నా పెట్టె, తబలా, జనం, తన గొంతు అన్నీ కలిసి వినబడేవి. అందులో తనదేదో విడిగా వినే వీలు ఎప్పుడూ రాలేదు.

కొన్నాళ్లు ఫోను చేయలేదు ఆయన. నేనూ చేయలేదు. ఒకరోజు కోడలు చేసింది.

"బాబాయ్, ఆ వీడియో తీసేయమంటారా? మామయ్యను అడిగితే పలకట్లేదు."

"నువ్వేమంటవు బిడ్డా?"

"చాలామంది చూస్తున్నారు. తీసేస్తే బాగుండదు. ఇంకో పని చేశాను. ఆ ఒక్క స్వరాన్ని కంప్యూటర్లో పైకి జరిపాను. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పెళ్లి వీడియోల్లో పాటలు పాడేవాళ్లకు చేస్తుంటాం. మామయ్యకు వాట్సాప్‌లో పంపాను. చూశారు, ఏమీ అనలేదు. నేను తప్పు చేశానా?"

ఆ ముక్క నాకూ పంపమన్నాను. అప్పటికింకా రిటైరవలేదు, టైమాఫీసులో టీ టైమ్‌లో చెవిలో పెట్టుకుని విన్నాను. గొంతు అచ్చంగా అన్నదే. గాంధారం నిటారుగా నిలబడింది. ఎక్కడా అతుకు తెలియలేదు. మళ్లీ మొదటినుంచి పెట్టుకుని విన్నాను. అదే సమయంలో, ఇంక మా పెట్టెలతో ఏం పని అని కూడా అనిపించింది.

మిరప ఆఖరి కోత నడుస్తున్నప్పుడు అన్న ఫోను చేశాడు. "ఖాళీగా ఉంటే రా," అన్నాడు, అంతే. ఆదివారం బండి మీద వెళ్లాను. చేలో మోటారు షెడ్డు దగ్గర నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్, ఒళ్లో ఫోను, పక్కన మంచినీళ్ల బిందె. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. పాత మాట ఎత్తలేదు.

"ఇది విన్నావా?" అని ఒక ఇయర్‌ఫోన్ నా చెవికి ఇచ్చాడు. కోడలు సరిచేసిన ముక్క.

"ఇన్న."

"ఎట్లా ఉంది?"

"మస్తుగుంది. కానీ గది మెషీన్ చేసింది గదన్నా."

"మెషీనే. అయితే గొంతు నాదేగా. నేను పోనిచోటికి పోయింది. పోతే ఎట్లా ఉంటుందో చూపెట్టింది. ఇన్నేళ్లు ఆ చోటు ఎక్కడుందో నాకు తెలియదు తమ్ముడూ. అక్కడే ఉన్నాననుకున్నా."

ఫోన్లో తంబూరా యాప్ పెట్టాడు. ఇంకో యాప్ కూడా తెరిచాడు. పాడుతుంటే గొంతు ఎక్కడ ఉందో అది ఒక గీతగా గీస్తుంది. స్వరం ఉండాల్సిన చోట అడ్డంగా ఒక పచ్చటి పట్టీ ఉంది. అన్న పాడాడు. గీత పైకి వెళ్లి పచ్చ పట్టీకి కొంచెం కింద పాకింది. మళ్లీ పాడాడు, మళ్లీ అంతే. చాలా రోజుల నుంచీ ఇదే పని మీద ఉన్నాడట. మిరపకాయలు కోసే ఆడవాళ్లు వరసల మధ్య నడుం ఎత్తి చూస్తున్నారు. వాళ్లు అడవివైపు ఊళ్ల నుంచి కూలికి వచ్చినవాళ్లు. తమలో తాము వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఒకామె మాత్రం తెలుగులో అడిగింది.

"ఏంది పెద్దాయనా, పొద్దటిసంది ఒక్కటే కూత పెడ్తున్నవు. పిట్టలను ఎల్లగొడ్తున్నవా?"

"అవ్, పిట్టలకే," అన్నాడు అన్న నవ్వుతూ.

నేను కూడా ఒకటి రెండు ఉపాయాలు చెప్పాను. ఊపిరి ముందే తీసుకోమన్నాను, ఆ అక్షరాన్ని ఇంకా విప్పి పలకమన్నాను. కొంచెం మెరుగైందిగానీ పట్టీలోకి ఎక్కలేదు. మధ్యాహ్నం కోడలు అన్నం క్యారియర్ తెచ్చింది. మేం తింటుంటే ఆమె కుసుమంచి వీడియోను శబ్దం లేకుండా మళ్లీ మళ్లీ తిప్పి చూసింది. పెళ్లి వీడియోలు చూసి చూసి ఆమె కన్ను బొమ్మ మీదే ఉంటుంది.

"మామయ్యా, ఒక సంగతి. ఆ స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా మీరు గడ్డం పైకెత్తుతున్నారండి. మిగతా పద్యమంతా మామూలుగానే ఉన్నారు. అక్కడ మాత్రం తల వెనక్కి పోతోంది."

అన్న చెయ్యి కడుక్కోకుండానే ఫోను అందుకోబోయాడు. ఆమే పట్టుకుని చూపించింది. నిజమే. గొంతు పైకి పోతుంటే గడ్డం కూడా దాంతోపాటు లేస్తోంది, మెడ నరాలు తాళ్లలాగా బిగుస్తున్నాయి. నేను ఎప్పుడూ ఆయన పక్కనే కింద కూర్చుంటాను. నాకు ఆయన గొంతు తెలుసుగానీ ఆ సమయంలో ముఖం ఎట్లా ఉంటుందో చూసింది లేదు. నా కళ్లు పెట్టె మెట్ల మీద ఉంటాయి.

అన్న మెడ తడుముకున్నాడు. "మైకులు లేనప్పటి అలవాటమ్మా అది. మా గురువుగారు చెప్పేవాడు, ఆఖరి వరసలో కూర్చున్నవాడిని చూసి పాడు, వాడికి వినపడితే అందరికీ వినపడినట్టే అని. అందుకని తలెత్తేవాడిని. మైకులు వచ్చాక దించుకోమని ఎవరూ చెప్పలేదు."

తల నిలబెట్టి, గడ్డం కొద్దిగా దించి పాడాడు. గీత పైకి లేచింది, పచ్చ పట్టీలోకి వెళ్లింది, అటూ ఇటూ కొంచెం వణికి అక్కడే నిలిచింది. కోడలు చిన్నగా "వచ్చింది మామయ్యా," అంది. ఆయన ఊపిరి అయిపోయేదాకా వదల్లేదు. నేను చేతిలో ముద్ద పట్టుకునే ఉన్నాను.

తర్వాతి నాటకం భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఒక ఊళ్లో జాతరకు. అక్కడ సిగ్నల్ సరిగ్గా అందదు. లైవ్ కుదరదని, రికార్డు చేసుకుని ఇంటికొచ్చాక పెడతానని కోడలు కెమెరా ఒక్కటే అమర్చింది. ఫోన్లలోనూ ఏమీ రాదు కాబట్టో, వేరే వినోదం లేకో, జనం బాగా వచ్చారు. పిల్లాజెల్లాతో చాపలు పరుచుకుని కూర్చున్నారు.

రాజసభ వచ్చింది. పద్యం చివరి పాదంలోకి దిగింది. అన్న గడ్డం దించాడు. గొంతు పైకి లేచి గాంధారం మీద, సరిగ్గా దాని మీద నిలబడింది. మధ్యలో నేను ఏం చేశానంటే, చేతులకు ఏళ్ల తరబడి అలవాటైన పనే చేశాను. ఆ చోటు రాగానే తిత్తులు గట్టిగా తొక్కి, గాంధారం అదిమిపెట్టి, చుట్టూ అల్లిక వేశాను. ఆయన నిలబడ్డ స్వరం నా హడావుడిలో మునిగిపోయింది. అన్న నావైపు చూశాడు. పాడడం ఆపేశాడు. పద్యం మధ్యలో ఆయన ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఒక అడుగు నావైపు వేసి, వేలాడే మైకుకు దూరంగా జరిగి మెల్లగా అన్నాడు.

"ఆగు తమ్ముడూ. అక్కడ ఒక్కడినే పోతా."

చివరి పాదం మళ్లీ ఎత్తుకున్నాడు. నేను ఆధార స్వరమైన కింది షడ్జం ఒక్కటి సన్నగా పట్టుకుని, మిగతా వేళ్లన్నీ ఎత్తేశాను. తబలా మనిషి కూడా నన్ను చూసి ఆగాడు. అన్న గొంతు ఒంటరిగా పైకి పోయింది. అక్కడ నిలబడింది. ఆ స్వరం ఆ నోట విడిగా, ఏ ఆసరా లేకుండా నేను స్టేజీ మీద వినడం అదే మొదటిసారి. పక్కన కూర్చుని ఇంతకాలం నేను దాన్ని వినలేదన్నమాట, కప్పడమే చేశాను. సంతోషం కలిగింది. చేతులు ఖాళీగా ఉండడం వల్ల కొంచెం ఇబ్బంది కూడా. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాను.

వన్స్‌మోర్ వచ్చింది, ఎదురుగా ఉన్న మనుషుల నోటి నుంచి, వెంటనే. ఒకసారి కాదు. అయితే రెండోసారి పాడబోతుంటే వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి చెయ్యి ఊపాడు. "తల ఎత్తయ్యా, ఈడికి మొఖం కనబడతలేదు," అన్నాడు. కిరీటం నీడ ముఖం మీద పడుతోందట. అన్నకు నవ్వొచ్చింది. మొదటి మూడు పాదాలూ వెనక వరసవైపు చూసి పాడాడు, చివరి పాదానికి వచ్చేసరికి తల దించుకున్నాడు. ఇప్పటికీ అట్లాగే పాడుతున్నాడు.

ఇదంతా జరిగాక మా నాటకాలు చాలా మారాయి. సాయంత్రం మొదలుపెట్టి భోజనాల వేళకు ముగిస్తున్నాం. కోడలు ఒక్కో పద్యాన్నీ ముక్కగా కోసి పెడుతుంది. జనం ముక్కలే ఎక్కువ చూస్తారు. ఊళ్లో నాటకానికి వచ్చేవాళ్లు కూడా ముందే ఫోన్లో విని వస్తున్నారు. ఇదివరకు అన్న ఒకరోజు రాగం పొడుగ్గా తీసేవాడు, ఒకరోజు పొట్టిగా. ఇప్పుడు వీడియోలో ఉన్నట్టు తీయకపోతే "గది పాడలేదేంది," అంటున్నారు. ఇది ఆయనకు నచ్చదు. నాకూ నచ్చదు. కానీ కుర్చీలు నిండుతున్నాయి. మంత్రి బంద్ చేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

పోయిన ఏడాది సత్తుపల్లి వైపు నుంచి ఒక డిగ్రీ చదివే అమ్మాయి ఆ రాజసభ పద్యాన్నే పాడి రికార్డు చేసి పంపింది. వీడియో చూసి నేర్చుకున్నానని, ఎట్లా ఉందో చెప్పమని. అన్న, కోడలు, నేను కలిసి విన్నాం. మంచి గొంతు, నిండుగా ఉంది. చివరి పాదంలో పైకి పోయి, గాంధారానికి వెంట్రుకవాసి కింద ఆగింది. అచ్చంగా అన్న కుసుమంచిలో ఆగినచోటే. గడ్డం కూడా ఎత్తింది. ఆ పాత వీడియో తీసేయలేదుగా, ఆమె దాన్నే చూసి నేర్చుకుంది. నా అల్లిక కూడా నేర్చుకుంది. పెట్టె లేదు కాబట్టి దాన్ని నోటితో పాడింది.

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇప్పుడైనా తీసేయనా మామయ్యా ఆ వీడియో?"

"ఎందుకులే. ఇప్పటికి ఎంతమంది నేర్చుకున్నారో. ఆ పిల్లకు ఫోను కలుపు, వీడియో కాల్," అన్నాడు.

కలిపింది. అవతల అమ్మాయి కంగారుగా దండం పెట్టింది. అన్న ముందు బాగా మెచ్చుకున్నాడు. తర్వాత పాడమన్నాడు. ఆమె పాడితే ఫోన్లో శబ్దం ముక్కలు ముక్కలుగా వచ్చింది. తాను పాడి చూపిస్తే అవతల ఆలస్యంగా వినబడింది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, మళ్లీ ఒకేసారి మొదలుపెట్టారు. కొంచెంసేపు చూసి అన్న ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని అన్నాడు.

"అమ్మాయ్, ఇట్లా కుదరదు. ఆదివారం మీ నాన్నను తీసుకుని బస్సెక్కి రా. మా ఇంట్లో భోజనం చేద్దురుగాని. పెట్టె ఆయన కూడా ఉంటాడు."

నన్ను అడక్కుండానే మాటిచ్చాడు. ఆదివారం తండ్రీకూతుళ్లు వచ్చారు. షెడ్డు దగ్గర కాదు, ఈసారి హాల్లోనే కూర్చున్నాం. ఆమె పాడినంతసేపూ నేను సన్నగా షడ్జం పట్టుకున్నాను, అల్లిక వేయలేదు. సాయంత్రానికి ఆమెకు ఆ స్వరం అందింది, కానీ ప్రతిసారీ అందడం లేదు. వచ్చే వారం కూడా రమ్మన్నాడు అన్న. ఆమె వస్తోంది. దసరాకు మా నాటకంలో రాజు వేషం ఆమెతో వేయించాలని ఆయన అంటున్నాడు. కిరీటం ఆమె తలకు వదులవుతుందని వదిన లోపల గుడ్డ పెట్టి కుడుతోంది.